గుండె ఆగిన తొలి నిమిషాలు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల్లో హృదయస్తంభన చికిత్స – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హృదయస్తంభనకు గురైన మనిషి బతికి బయటపడడం ఆసుపత్రి స్థాయి కంటే ముందుగా తొలి పది నిమిషాల్లో పక్కనున్నవారు చేసే పనిపై ఆధారపడి ఉంటుందని గత ఆరు దశాబ్దాల వైద్యచరిత్ర తేల్చింది. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమనున్న ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల చరిత్రను ఈ సత్యం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కండర శక్తిపై చేసిన పరిశోధన, 2003–04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన మరణాల లెక్క, 2005లో మొదలైన 108 సేవ, ఏలూరులో వైద్య కళాశాలల స్థాపన ఇందులో ప్రధానాంశాలు. ఈ ప్రాంతంలో మరణం లెక్కకెక్కినంత శ్రద్ధగా మనుగడ లెక్కకెక్కలేదనీ, నీటి పల్లెల ప్రమాదాలకు తగిన ప్రథమ చికిత్స శిక్షణ వేరుగా రూపొందాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హృదయస్తంభన, గుండెపోటు, కొల్లేరు, ఏలూరు, యల్లాప్రగడ సుబ్బారావు, 108 సేవ, సి.పి.ఆర్., గ్రామీణ ఆరోగ్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

“గుండెపోటు”, “గుండె ఆగిపోవడం” అనే మాటలను పత్రికలూ సామాన్య వ్యవహారమూ తరచు ఒకే అర్థంలో వాడుతున్నాయి. వైద్యశాస్త్రంలో ఇవి వేరువేరు. గుండె కండరానికి రక్తాన్ని అందించే ధమని మూసుకుపోవడం గుండెపోటు. ఆ స్థితిలో రోగి నొప్పితో, చెమటతో బాధపడుతూ మాట్లాడగలడు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. గుండె రక్తాన్ని పంపడం పూర్తిగా నిలిచిపోవడం హృదయస్తంభన. అప్పుడు 10 నుంచి 15 సెకన్లలో స్పృహ పోతుంది, ఊపిరి ఆగిపోతుంది, లేదా ఆగి ఆగి ఎగశ్వాసగా మారుతుంది. గుండెపోటు స్తంభనకు దారితీయవచ్చు. అయితే నీట మునగడం, విద్యుదాఘాతం, పాముకాటు వంటివి కూడా గుండెను ఆపగలవు. కొల్లేరు పరిసరాల్లో ఈ రెండో కోవ కారణాలకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

స్తంభన జరిగిన క్షణం నుంచి మెదడుకు ప్రాణవాయువు అందదు. నాలుగైదు నిమిషాల తరవాత మెదడు కణాలకు కోలుకోలేని నష్టం మొదలవుతుంది. ఎవరూ ఛాతీ నొక్కకపోతే, విద్యుత్ షాకుతో సరిచేయదగిన స్తంభనలో సైతం బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తరుగుతుందని వైద్యులు లెక్కగట్టారు. కాబట్టి ఒక ప్రాంతంలో హృదయస్తంభన చరిత్రను రాయడమంటే, ఆ ప్రాంతంలో కాలానికీ దూరానికీ ఉన్న సంబంధం చరిత్రను రాయడమే. ఆసుపత్రులు ఎప్పుడు వచ్చాయన్నదానితోపాటు, సాయం మనిషి దగ్గరికి ఎంతసేపట్లో చేరిందన్నదీ ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న.

2. నీటి దారులు, నేల దారులు: దూరాల నేపథ్యం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక ఈ ప్రాంతపు రాకపోకలు చాలాకాలం కాలువల మీదనే సాగాయి. రెండు నదులనూ కలిపే ఏలూరు కాలువ అందుకు వెన్నెముక. 1893లో బెజవాడ–కాకినాడ వైపు రైలుమార్గం మొదలయ్యాక ఏలూరు, తాడేపల్లిగూడెం రైలు పట్టణాలయ్యాయి. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి ముఖ్యపట్టణమైంది. నేడు జాతీయ రహదారి 16 ఈ రెండు పట్టణాలనూ విజయవాడతో కలుపుతోంది. ఏలూరు నుంచి విజయవాడ సుమారు 60 కిలోమీటర్లు, తాడేపల్లిగూడెం సుమారు 50 కిలోమీటర్లు.

కొల్లేరు లోపలి పరిస్థితి వేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు ఈ సరస్సులో కలుస్తాయి. అదనపు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి చేరుతుంది. సరస్సు లోపలి లంక గ్రామాలకు తరతరాలుగా తాటిదోనెలూ నాటుపడవలే వాహనాలు. తమ్మిలేరుకు, బుడమేరుకు వరద వచ్చినప్పుడు వేసిన బాటలు కూడా మునుగుతాయి. చేపల చెరువులు విస్తరించాక గట్ల మీద బాటలు పెరిగాయి గాని, అవి చెరువు యజమానుల అవసరానికి వేసినవి. 1999లో ప్రభుత్వం సరస్సును ఐదో కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్య పరిధిలోని చెరువుల గట్లను తొలగించారు. పర్యావరణం, జీవనోపాధి కోణాల నుంచి ఈ ఘట్టాలపై విస్తృతంగా చర్చ జరిగింది. గట్టు ఉన్నచోట వాహనం నడుస్తుంది, గట్టు లేనిచోట పడవ కావాలి అన్న సాధారణ విషయం అత్యవసర వైద్యం కోణం నుంచి కూడా గమనించదగినది.

పరిపాలనా సరిహద్దులు కూడా ఈ దూరాలను ప్రభావితం చేశాయి. చాలాకాలం కొల్లేరు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల మధ్య పంచుకోబడి ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కైకలూరు, మండవల్లి వంటి మండలాలు అందులో చేరాయి. ఆకివీడు, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో నిలిచాయి. సరస్సులో అధిక భాగం ఒకే జిల్లా కిందికి రావడం అత్యవసర సేవల ప్రణాళికకు తొలిసారి లభించిన సౌలభ్యం.

3. భీమవరం నుంచి బోస్టన్: కండర శక్తి రహస్యం

స్తంభించిన గుండెలో ఏం జరుగుతుందన్న ప్రశ్నకు రసాయనశాస్త్రం ఇచ్చిన సమాధానంలో ఈ ప్రాంతానికి నేరుగా భాగం ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. రాజమహేంద్రవరంలోనూ మద్రాసులోనూ చదివి, మద్రాసు వైద్య కళాశాలలో వైద్యం అభ్యసించి, అమెరికాలోని బోస్టన్ చేరాడు. హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఆ పద్ధతి నేటికీ ఇద్దరి పేర్లతోనే వ్యవహారంలో ఉంది.

ఆ కొలత కండరం లోపలి రహస్యానికి దారి చూపింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.గా ప్రసిద్ధమైన అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను ఫిస్కే, సుబ్బారావు కండరంలో గుర్తించారు. ఏ.టి.పి.ని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. కండరం సంకోచించడానికి ఖర్చయ్యే నాణెం ఏ.టి.పి. అయితే, ఆ నాణేన్ని వెంటనే తిరిగి సమకూర్చే చిన్న నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. ప్రాణవాయువు అందనప్పుడు ముందుగా ఈ నిల్వ కరుగుతుంది, ఆ తరవాత ఏ.టి.పి. తరుగుతుంది.

హృదయస్తంభన చికిత్సలోని కాలనియమాలకు ఈ రసాయనమే మూలం. 2002లో వైస్‌ఫెల్ట్, బెకర్ అనే వైద్యులు స్తంభనను మూడు దశలుగా విభజించారు. సుమారు నాలుగు నిమిషాల వరకు విద్యుత్ దశ: గుండె అస్తవ్యస్తంగా కంపిస్తున్నా శక్తి మిగిలి ఉంటుంది కనుక ఒక్క షాకుతో లయకు రావచ్చు. నాలుగు నుంచి పది నిమిషాల వరకు ప్రసరణ దశ: శక్తి తరిగిన కండరానికి ఛాతీ నొక్కి కొంత రక్తం పంపడం అత్యవసరం. పది నిమిషాలు దాటాక జీవక్రియా దశ: కణాలే దెబ్బతింటాయి. ఛాతీ నొక్కడం వల్ల మామూలు ప్రసరణలో పావు వంతు నుంచి మూడో వంతు వరకే లభిస్తుంది. ఆ కొద్దిపాటి రక్తమే గుండెలో శక్తిని పూర్తిగా అడుగంటనివ్వకుండా కాపాడి, షాకు పనిచేసే వ్యవధిని పొడిగిస్తుంది.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో సుబ్బారావు 53 ఏళ్ల వయసులో గుండెపోటుతో నిద్రలోనే మరణించాడు. ఆనాటికి ఛాతీని తెరవకుండా గుండెను నడిపించే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా ప్రచారంలో లేదు. అది రావడానికి మరో 12 ఏళ్లు పట్టింది. పరిశోధనశాలలో తెలిసిన విషయం ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ఉపయోగపడే పనిగా మారడానికి ఎంతకాలం పడుతుందో ఈ అంతరం తెలియజేస్తుంది.

4. మునిగినవారి రక్షణ నుంచి సి.పి.ఆర్. వరకు

పునరుజ్జీవన ప్రయత్నాలు ప్రపంచంలో సంఘటితంగా మొదలైనది గుండెజబ్బు రోగుల కోసం కాదు, నీట మునిగినవారి కోసం. 1740లో పారిస్ శాస్త్ర అకాడమీ మునిగినవారికి నోటితో ఊపిరి ఊదమని సూచించింది. కాలువల నగరమైన ఆమ్‌స్టర్‌డామ్‌లో 1767లో మునిగినవారిని రక్షించే సంఘం ఏర్పడింది. 1774లో లండన్‌లో అటువంటి సంఘమే పుట్టింది. నీళ్లను ఆనుకుని బతికే సమాజాలే ఈ విద్యకు ఆద్యులన్న సంగతి కొల్లేరు చరిత్ర చదివేవారికి గమనార్హం.

మునిగినవారిని తలకిందులుగా పట్టడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం తెలుగు పల్లెల్లో చిరకాలంగా ఉన్న అలవాటు. ఐరోపాలోనూ పీపాల మీద దొర్లించే పద్ధతి ఉండేది. 1903లో షేఫర్, 1932లో హోల్గర్ నీల్సన్ రూపొందించిన వీపు నొక్కే పద్ధతులు ప్రథమ చికిత్స పుస్తకాల్లోకి ఎక్కాయి. 1950వ దశకం చివర జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ నోటితో ఊపిరి ఊదడమే వీటికంటే మేలని ప్రయోగాలతో నిరూపించారు. కడుపు నొక్కడం వల్ల కాలం వృథా కావడమే కాక, కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం కూడా ఉంది.

గుండె విషయంలో మార్పు మరోవైపు నుంచి వచ్చింది. 1947లో క్లాడ్ బెక్ శస్త్రచికిత్స బల్ల మీద తెరిచిన ఛాతీలోని గుండెకు విద్యుత్ షాకిచ్చి ఒక బాలుణ్ణి బతికించాడు. 1956లో పాల్ జోల్ ఛాతీ బయటి నుంచే షాకివ్వవచ్చని చూపాడు. 1960లో బాల్టిమోర్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ రెండు చేతులతో ఛాతీని నొక్కి గుండెను నడిపించే పద్ధతిని ప్రకటించారు. ఊపిరి, ఛాతీ నొక్కుడు కలిసి సి.పి.ఆర్. అయింది. 1966లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ డీఫిబ్రిలేటర్‌ను వాహనంలో రోగి ఇంటికి తీసుకువెళ్లాడు. 1972లో సియాటిల్ నగరం సామాన్య పౌరులకు సి.పి.ఆర్. నేర్పే కార్యక్రమం చేపట్టింది. పావు శతాబ్దంలో ఈ చికిత్స శస్త్రచికిత్స బల్ల నుంచి వీధిలోని పౌరుడి చేతికి చేరింది.

5. నలభై అయిదు గ్రామాల మరణాల లెక్క

డెల్టా పల్లెల్లో మనుషులు దేనివల్ల చనిపోతున్నారన్న ప్రశ్నకు 21వ శతాబ్దం మొదట్లో శాస్త్రీయమైన సమాధానం లభించింది. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీలోని దీర్ఘకాలిక వ్యాధుల నియంత్రణ కేంద్రం కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమాన్ని చేపట్టాయి. తూర్పు, పశ్చిమగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, 1,80,162 మంది జనాభాలో, 2003–04లో 12 నెలల పాటు జరిగిన మరణాలను నమోదు చేశారు. పల్లెల్లో అధిక మరణాలకు వైద్యుడి ధ్రువీకరణ ఉండదు కనుక, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మృతుల ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో కనిపించిన లక్షణాలను కుటుంబ సభ్యులను అడిగి రాసుకున్నారు. వైద్యులు ఆ వాంగ్మూలాలను చదివి మరణకారణాన్ని నిర్ణయించారు. దీనినే మౌఖిక శవపరీక్ష అంటారు.

ఆ ఏడాది నమోదైన మరణాలు 1,354. వాటిలో 32 శాతానికి గుండె, రక్తనాళ వ్యాధులు కారణం; అందులో గుండె ధమనుల జబ్బు, పక్షవాతం దాదాపు సమానం. గాయాలు, ప్రమాదాలు, ఆత్మహత్యలు 13 శాతం; అంటువ్యాధులు 12 శాతం. 2006లో వెలువడిన ఈ ఫలితం, గుండెజబ్బు పట్టణాల సంపన్నుల వ్యాధి అన్న నమ్మకాన్ని వరిచేల నడుమనే తోసిపుచ్చింది. 2009లో ప్రచురితమైన మరో అధ్యయనం ఇదే ప్రాంతంలో గుండెజబ్బో పక్షవాతమో వచ్చి బతికున్నవారి చికిత్సను పరిశీలించింది. వారిలో రక్తపోటు మందులు వాడుతున్నవారు 41 శాతం, ఆస్పిరిన్ వాడుతున్నవారు 14 శాతం, కొలెస్ట్రాల్ తగ్గించే మందు వాడుతున్నవారు 5 శాతం మాత్రమే. అప్పటికే ఆస్పిరిన్ అతి చౌకగా దొరికే మందు.

పశ్చిమగోదావరి పల్లెల్లో తరవాత జరిగిన స్మార్ట్‌హెల్త్ ప్రయోగంలో ఆశా కార్యకర్తలు టాబ్లెట్ పరికరాలతో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో హృద్రోగ ముప్పును గుర్తించారు. 2019లో వెల్లడైన ఫలితాల్లో రక్తపోటు లక్ష్యాన్ని చేరినవారి నిష్పత్తిలో చెప్పుకోదగిన తేడా రాలేదు. ముప్పును గుర్తించడం ఒక పని, మందు క్రమంగా అందేలా చూడడం మరొక పని అని ఈ ప్రయోగం రుజువు చేసింది.

ఈ అధ్యయనాల విలువను ఒప్పుకుంటూనే వాటి స్వభావసిద్ధమైన హద్దును గుర్తించాలి. మౌఖిక శవపరీక్ష చనిపోయినవారి ఇంటికే వెళుతుంది. గుండె ఆగి, ఎవరో ఛాతీ నొక్కగా బతికిన మనిషి ఆ లెక్కలో ఎక్కడా కనిపించడు. మరణ ధ్రువపత్రాల్లో మరో చిక్కు ఉంది. “గుండె, ఊపిరి ఆగి మరణం” అని రాయడం ఆసుపత్రుల్లో పాతుకుపోయిన అలవాటు. మరణించిన ప్రతివారికీ గుండె ఆగుతుంది కనుక అది కారణం కాదు, మరణ విధానం మాత్రమేనని మరణకారణ ధ్రువీకరణ నియమాలు చెబుతాయి. బతికినవారి వాటా తెలియాలంటే గుండె ఆగినవారందరి సంఖ్య కావాలి. 1990లో నార్వేలోని ఉట్‌స్టైన్ మఠంలో సమావేశమైన నిపుణులు అందుకు ఒకే రీతి నమోదు పద్ధతిని సూచించారు: స్తంభన ఎక్కడ జరిగింది, ఎవరు చూశారు, ఎవరు ఛాతీ నొక్కారు, షాకు ఎప్పుడిచ్చారు, రోగి ఇంటికి వెళ్లాడా. తెలుగునేల మీద వరంగల్ ప్రాంతంలో ఆసుపత్రి వెలుపలి స్తంభనల నమోదు జరిగి, ఫలితాలు 2018లో వైద్యపత్రికలో వెలువడ్డాయి. జిల్లా స్థాయిలో ఈ పని సాధ్యమేనని చెప్పడానికి ఆ ఉదాహరణ చాలు.

6. నూట ఎనిమిది, ఆరోగ్యశ్రీ, వైద్య కళాశాలలు

45 గ్రామాల లెక్క పూర్తయిన మరుసటి ఏడాదే, 2005 ఆగస్టు 15న, హైదరాబాదు కేంద్రంగా 108 అత్యవసర సేవ ప్రారంభమైంది. గ్రామీణ అధ్యయనంలో పాలుపంచుకున్న బైర్రాజు కుటుంబమే ఈ.ఎం.ఆర్.ఐ. సంస్థను కూడా నెలకొల్పింది. 2009లో సంస్థ నిర్వహణ జి.వి.కె. చేతికి మారింది. ఒకే ఫోన్ నంబరు, ఉచిత వాహనం, అందులో శిక్షణ పొందిన సాంకేతిక నిపుణుడు అన్నవి ఈ సేవ ప్రత్యేకతలు. అంతవరకు ఎడ్లబండి, ఆటో, అద్దె కారులే అంబులెన్సులైన పల్లెలకు ఇది చారిత్రకమైన మలుపు. 2020 జులై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 108, 104 సేవలకు 1,088 వాహనాలను ఒకేసారి ప్రారంభించింది.

ఖర్చు వైపు నుంచి 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం దశలవారీగా రాష్ట్రమంతటికీ విస్తరించి, గుండె శస్త్రచికిత్సలను పేద కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చింది. విద్య, వసతుల వైపు నుంచి 1999లో ఏలూరులో అల్లూరి సీతారామరాజు వైద్య విజ్ఞాన సంస్థ, 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడ్డాయి. జిల్లా కేంద్రంలోనే వైద్య విద్యార్థులు, మత్తువైద్యులు, అత్యవసర వైద్యులు తయారయ్యే స్థితి వచ్చింది.

ఇన్ని వసతులు సమకూరినా తొలి నిమిషాల సమస్య అలాగే ఉంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనానికి పది కిలోమీటర్ల దూరం 15 నిమిషాలు. ఫోన్ చేయడానికి, చిరునామా చెప్పడానికి, వాహనం కదలడానికి పట్టే సమయం దీనికి అదనం. నడుమ రైల్వే గేటో, బల్లకట్టో, మునిగిన బాటో ఎదురైతే లెక్క ఇంకా పెరుగుతుంది. గుండెపోటు వచ్చి స్పృహలో ఉన్న రోగికి 108 వాహనం ప్రాణదాత. అతన్ని స్తంభనకు ముందే ఆసుపత్రికి చేర్చగలదు. గుండె అప్పటికే ఆగిన రోగి విషయంలో, పక్కనున్నవారు ఏమీ చేయకపోతే, వాహనం వచ్చేసరికి జీవక్రియా దశ మొదలై ఉంటుంది.

7. చికిత్సలో ఏ మెట్టు ఎంత మేలు చేస్తుంది?

ఆసుపత్రికి చేరాక జరిగే చికిత్స గత రెండు దశాబ్దాల్లో కఠినమైన పరీక్షలకు నిలబడవలసి వచ్చింది. స్తంభనలో అడ్రినలిన్ ఇవ్వడం దశాబ్దాలుగా ఆనవాయితీ. 2018లో బ్రిటన్‌లో 8,014 మంది రోగులపై జరిగిన అధ్యయనంలో 30 రోజుల మనుగడ అడ్రినలిన్ పొందినవారిలో 3.2 శాతం, పొందనివారిలో 2.4 శాతం. మెదడు మంచి స్థితిలో ఉండి బతికినవారి విషయంలో స్పష్టమైన తేడా కనిపించలేదు. 2002లో రెండు అధ్యయనాలు శరీరాన్ని చల్లబరచడం మెదడును కాపాడుతుందని చెప్పాయి. 2021లో 1,900 మందిపై జరిగిన అధ్యయనంలో 33 డిగ్రీలకు చల్లబరచినవారికీ, జ్వరం రాకుండా చూసినవారికీ మరణాల్లో తేడా తేలలేదు. మూసుకుపోయిన ధమనిని తెరవడం, రక్తపోటును నిలపడం, జ్వరాన్ని అరికట్టడం అవసరమైనవే. కాని అవన్నీ తొలి నిమిషాల్లో మిగిలిన ప్రాణాన్నే కాపాడగలవు.

దీనికి భిన్నంగా తొలి మెట్టు బలపడితే వచ్చే ఫలితాన్ని డెన్మార్క్ చూపింది. ఆ దేశం 2005లో బడుల్లో సి.పి.ఆర్. శిక్షణను తప్పనిసరి చేసింది. 2006 నుంచి వాహనం నడిపే అనుమతికి కూడా శిక్షణను ముడిపెట్టింది. 2001లో ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారిలో 21 శాతానికే పక్కనున్నవారు ఛాతీ నొక్కగా, 2010 నాటికి అది 45 శాతానికి చేరింది. అదే కాలంలో 30 రోజుల మనుగడ 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగింది. ఈ పెరుగుదలకు ఇతర కారణాలూ తోడయ్యాయి గాని, సామాన్యుడి చేతికి అందులో ప్రధాన స్థానం ఉంది.

8. కొల్లేరు పల్లెకు తగిన శిక్షణ

భారతదేశంలో ఇండియన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ 2017లో సామాన్యుల కోసం ఛాతీ నొక్కడం మాత్రమే ఉండే పద్ధతిని సిఫారసు చేసింది. నోటితో ఊపిరి ఊదడానికి జంకేవారు అసలు సాయమే చేయకుండా ఉండిపోకూడదన్నది అందులోని ఆలోచన. హఠాత్తుగా కూలిన పెద్దవారి విషయంలో ఇది సరైన మార్గం. అప్పుడు రక్తంలో కొంత ప్రాణవాయువు నిల్వ ఉంటుంది. చేయవలసింది క్లుప్తం: పిలిచినా కదలక, మామూలుగా ఊపిరి తీయకపోతే 108కి ఫోన్ చేయాలి, ఛాతీ నడుమ, గట్టి నేల మీద, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు నుంచి ఆరు సెంటీమీటర్ల లోతున నొక్కాలి, సాయం అందేవరకు ఆపకూడదు. ఆగి ఆగి వచ్చే ఎగశ్వాసను మామూలు ఊపిరిగా పొరబడి వేచి చూడడం తరచుగా జరిగే తప్పు.

అయితే ఈ పద్ధతిని యథాతథంగా నీటి పల్లెలకు అన్వయిస్తే లోపం మిగులుతుంది. మునిగినవారిలో ముందు ఊపిరి ఆగి, ప్రాణవాయువు తరిగిపోయి, చివరికి గుండె ఆగుతుంది. కనుక వారికి ఊపిరి ఊదడంతోనే చికిత్స మొదలుకావాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. శిక్షణ ఉన్నవారు ప్రతి 30 నొక్కుళ్లకు రెండు ఊపిరులు ఇవ్వాలి. కట్లపాము కాటులో విషం ఊపిరి కండరాలను పడగొడుతుంది. గుండె ఆగకముందే ఊపిరి అందిస్తూ ఆసుపత్రికి చేర్చగలిగితే ప్రాణం నిలుస్తుంది. చేపల, రొయ్యల చెరువుల వద్ద మోటార్లు, ఏరేటర్ల మూలంగా విద్యుదాఘాతం సంభవిస్తే ముందు కరెంటు ఆపాలి, ఆ తరవాతే మనిషిని తాకాలి. అటుపిమ్మట ఛాతీ నొక్కుడు, వీలైనంత త్వరగా షాకు. ఈ మూడు సందర్భాల్లోనూ బాధితులు తరచు పనిచేసే వయసువారు, గుండెజబ్బు లేనివారు. సకాలంలో సాయం అందితే కోలుకుని ఎన్నో ఏళ్లు బతకగలవారు.

ఈ శిక్షణ ఇవ్వగల మనుషులు ఈ ప్రాంతంలో ఇప్పటికే ఉన్నారు. మృతుల ఇళ్లకు వెళ్లి వివరాలు సేకరించిన ఆరోగ్య కార్యకర్తల అనుభవం ఉంది. రక్తపోటు కొలిచిన ఆశా కార్యకర్తలు ప్రతి పల్లెలో ఉన్నారు. ఏలూరులో రెండు వైద్య కళాశాలలు, తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఊరూరా ఉన్నత పాఠశాలలు ఉన్నాయి. చెరువుల కావలివారు, పడవ నడిపేవారు, లైన్‌మన్లు, బస్సు కండక్టర్లు అందరికంటే ముందుగా ప్రమాదాన్ని చూసేవారు. శిక్షణ వారితో మొదలుకావడం ఈ ప్రాంత స్వభావానికి తగినది.

9. ముగింపు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల్లో హృదయస్తంభన చరిత్రను పరిశీలించినప్పుడు ఈ అంశాలు తేలుతున్నాయి.

కాలువ, రైలు, రహదారి, 108 వాహనం వరుసగా ఆసుపత్రిని పల్లెకు దగ్గర చేశాయి. అయినా గుండె కండరంలోని శక్తి నిల్వ నిర్దేశించే నాలుగు నుంచి పది నిమిషాల గడువు మారలేదు. ఆ గడువు వెనకనున్న రసాయనాన్ని వెలికితీసినవారిలో ఒకరు ఈ డెల్టాలో పుట్టినవారే.

2003–04 నాటి అధ్యయనం గుండె, రక్తనాళ వ్యాధులే పల్లెల్లో ప్రధాన మరణకారణమని నిరూపించింది. మరణాలను అంత నిశితంగా లెక్కించిన నేల మీద, గుండె ఆగి తిరిగి కొట్టుకున్నవారి లెక్క కూడా ఉట్‌స్టైన్ పద్ధతిలో మొదలుకావాలి. అది లేకుండా ఏ పథకం ఎన్ని ప్రాణాలు నిలిపిందో నిర్ధారించడం సాధ్యం కాదు.

ఛాతీ నొక్కుడు మాత్రమే నేర్పే శిక్షణ పట్టణ వీధికి సరిపోతుంది. సరస్సు గట్టుకు ఊపిరి ఊదడం, కరెంటు ఆపడం కూడా చేర్చి నేర్పాలి. అప్పుడే రెండున్నర శతాబ్దాల కిందట నీటి ఒడ్డున మొదలైన పునరుజ్జీవన విద్య కొల్లేరు ఒడ్డుకు పూర్తి రూపంలో చేరినట్టవుతుంది.